మామయ్య ట్రంకు పెట్టెలో చమురు బావుల "ఇసక" స్లైడ్లు దొరికినాయి, ఏం చెయ్యాలి?

కావలి_అబ్బాయి

అందరికీ నమస్తే. మాది నెల్లూరు జిల్లా కావలి. మా మేనమామ పోయిన సంవత్సరం కాలం చేశాడు, అత్త అంతకు రెండేళ్ళ ముందే పోయింది, పిల్లల్లేరు, ఇల్లు అమ్మకానికి పెట్టినాం, సామాన్లు సర్దే పని నా నెత్తిన పడింది. అటక మీద ఒక ఇనప ట్రంకు ఉండాది, ఇత్తడి బిందెలేమో అనుకోని దించితే నడుం పట్టేసింది.

తెరిస్తే లోపల బిందెలూ లేవు బట్టలూ లేవు. చిన్న చిన్న అట్టముక్కలు, ఒక్కోటి చూపుడు వేలంత పొడుగు, అల్యూమినియం చట్రంలో దూర్చి పైన గాజు పలక. అట్ట మధ్యలో నల్లటి పల్లం, అందులో తెల్ల గీతలతో గళ్ళు, 1 నుంచి 60 దాకా నంబర్లు, ఒక్కో గడిలో ఇసక రేణువు లాంటిది ఒకటో రెండో జిగురుతో అతికించి ఉండాయి. లెక్కేస్తే 600 పైనే తేలినాయి అట్లాంటి అట్టలు.

మామ మద్రాసులో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఇరవై ఏళ్ళు పనిచేశాడు, చమురు కంపెనీలు బావులు తవ్వేటప్పుడు వచ్చే మట్టిని ఆ ల్యాబు చూసిపెట్టేది. "మట్టి కడిగి పురుగులు ఏరతా ఉంటా" అనేవాడు, మేం నవ్వేవాళ్ళం. ల్యాబు మూసేసేటప్పుడు ఓనరు అన్నీ చెత్తలో పొయ్యమన్నాడంట, ఈయనకి ప్రాణం ఒప్పక రైల్లో వేసుకొచ్చుకున్నాడని అత్త చెప్పేది.

నోటుబుక్కులు నాలుగు ఉండాయి. పైన ఏ-7, సి-2 అని, లోపల 1240-45 అట్లా అంకెలు, వాటి పక్కన తెలుగులో పేర్లు: జడ, కూజా, బూందీ ముద్ద, మొక్కజొన్న పొత్తు, ముత్యాల దండ. కొన్నిటి పక్కన ఎర్ర పెన్సిల్తో "రాలింది" అని. కొన్ని పేజీల్లో ఏమీ లేకుండా ఉత్త "పిండి" అని. నేనైతే మొదట మిఠాయి కొట్టు లెక్కలనుకున్నా.

పాతసామాన్లాయన అల్యూమినియం చట్రాలకి కిలో లెక్కన ఇస్తానంటున్నాడు, అట్టలు మాత్రం తీసి పారేస్తాడంట. ఇవి ఎవరికన్నా పనికొస్తాయా, అమ్మితే డబ్బులొస్తాయా, లేకపోతే గవర్నమెంటుకి అప్పజెప్పాలా? నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి.

రొయ్యలగుంట

అబ్బయ్యా చమురు బావుల్లో నుంచి వచ్చినాయంటే దాంట్లో వజ్రాలేమన్నా ఉండాయేమో ఒకసారి గీకి చూడు. తమాషాకి అన్నాలే. మా చెరువు నీళ్ళు టెస్టు చేసే ల్యాబు పిల్లోడు ఒకసారి మైక్రోస్కోపులో అడుగు బురద చూపిచ్చినాడు, నత్తగుల్లల్లాంటి బుల్లి బుల్లి చుట్టలు కనిపిచ్చినాయి, ఏందిరా ఇవి రొయ్యకి రోగమా అంటే కాదన్నా ఇవి ఉప్పునీళ్ళలో ఎప్పుడూ ఉండేవే అన్నాడు. అవే అయ్యుంటాయి. పాతసామాన్లోడికి మాత్రం ఇయ్యబాక, తెలిసినోళ్ళు చెప్పేదాకా ఆగు.

రిగ్గు_తాత

బాబూ, ముందు ఆ పాతసామాన్లాయన్ని గుమ్మంలోంచే పంపించెయ్. నేను ఇరవై ఆరేళ్ళు చమురు బావులు తవ్వే రిగ్గుల మీద, ల్యాబుల్లో ఇదే పని చేసి రిటైరయ్యాను, ఇప్పుడు నెల్లూరులో మనవళ్ళతో కాలక్షేపం. నీ పోస్టు చదివి కాసేపు అట్లాగే కూర్చుండిపోయాను, ఎందుకంటే మీ మామ పెట్టిన పేర్లు చదవగానే ఆ గవ్వలన్నీ నాకు కళ్ళ ముందు కనిపించాయి.

అవి పురుగులు కావు, ఫోరామినిఫెరా అంటారు. ఒకే కణం ఉన్న సముద్రపు జీవులు, చాలావాటికి సున్నంతో కట్టుకున్న గవ్వ ఉంటుంది, ఎక్కువ శాతం ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. చచ్చాక గవ్వలు అడుగు బురదలో పడతాయి, బురద లక్షల ఏళ్ళకి రాయవుతుంది. ఏ కాలానికి ఆ కాలపు రకాలు వేరు కాబట్టి రాయిలో ఏ గవ్వ ఉందో చూస్తే అది ఎప్పటి రాయో, ఎంత లోతు సముద్రంలో పడిందో చెప్పొచ్చు. బావి తవ్వేవాడికి కావలసింది ఆ రెండే. బావిలోంచి తీసిన మూడంగుళాల రాయి ముక్కలో పెద్ద శంఖం దొరకడం లాటరీ, గవ్వలైతే చిటికెడు మట్టిలో వందలుంటాయి.

ఇప్పుడు మీ మామ భాష. "జడ" అంటే బొలివైనా, రెండు వరుసల గదులు ఇటొకటి అటొకటి అల్లుకుంటూ పోతాయి, అచ్చం రెండు పాయల జడే. "మొక్కజొన్న పొత్తు" యువిజెరీనా. "బూందీ ముద్ద" గ్లోబిజెరీనా, నీళ్ళలో తేలుతూ బతికే రకం. "ముత్యాల దండ" నోడోసేరియా. "కూజా" లాజీనా, ఇందులో తమాషా ఏంటంటే లాటిన్లో కూడా ఆ మాటకి కూజా అనే అర్థం, అంటే లాటిన్ రాని మీ మామకీ ఆ పేరు పెట్టిన పండితుడికీ ఒకటే తోచింది. జడలూ పొత్తులూ ఒకేచోట గుంపుగా ఉన్నాయంటే అది సాధారణంగా గాలి సరిగా ఆడని లోతైన బురద అడుగు, అట్లాంటి బురదే తర్వాత చమురు పుట్టే రాయి అయ్యే అవకాశం ఉంటుంది. పికర్ అంటే ఇట్లా గవ్వలు ఏరేవాడు, అది ఉత్త కూలిపని అనుకునేవాళ్ళు ఆఫీసర్లు, నిజానికి ఇన్ని రకాలు పసిగట్టే కన్ను వాళ్ళదే.

"రాలింది" ఇంకా ముఖ్యం. బావిలో రాయి ముక్కలు మడ్డుతో, అంటే తవ్వేటప్పుడు లోపలికి పంపే బురదతో పాటు పైకొస్తాయి, కానీ పైనున్న గోడల నుంచి కూడా పెళ్ళలు ఊడి కింది మట్టిలో కలుస్తాయి. కొత్త గవ్వలు పాత మట్టిలో కనిపిస్తాయన్నమాట. అందుకే మేం ఒక రకం ఏ లోతు దాకా ఉందో నమ్మం, పైనుంచి దిగుతుంటే మొదటిసారి ఎక్కడ కనిపించిందో అదే చూస్తాం. పైనుంచి మొదటిసారి అంటే ఆ జాతి భూమ్మీద నుంచి పోయిన రోజులు. మీ మామ అనుమానం వచ్చిన ప్రతిదానికీ ఎర్ర పెన్సిలు పెట్టాడంటే నిజాయితీపరుడు.

ఇక "పిండి". పీడీసీ బిట్లు, అంటే కృత్రిమ వజ్రపు పళ్ళున్న తవ్వకపు మొనలు వచ్చాక తవ్వకం స్పీడు పెరిగింది కానీ రాయిని పిండి చేసేస్తాయి, గవ్వలు ముక్కలైపోతాయి. ఆ పేజీలు చూసి మీ మామ ఎంత తిట్టుకున్నాడో నాకు తెలుసు, నేనూ తిట్టుకున్నాను.

డబ్బు సంగతి, పైసా రాదు. విలువ మాత్రం ఉంది, కానీ ఒక షరతు. 1240-45 అంటే లోతు, సరే, ఏ-7 అంటే ఏ బావి? ఆ కోడ్ల పట్టిక దొరక్కపోతే అవి అందమైన గవ్వలే, ఎక్కడివో తెలియని గవ్వతో ఎవరూ ఏమీ చెయ్యలేరు. వెతుకు. దొరికితే ఆ పేజీ మాత్రం ఇక్కడ పెట్టొద్దు.

ఒంగోలు_రాళ్ళపిల్ల

అన్నా నేను తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చేస్తున్నా, మాది ఒంగోలు పక్కన కొత్తపట్నం. ఇది చదివి హాస్టల్లో అందరికీ చూపించా. దయచేసి గాజులు తీసి ముట్టుకోవద్దు. పెట్టెలో నాఫ్తలిన్ ఉండలు వెయ్యొద్దు, టేకు బీరువాలోకి మార్చొద్దు, చెక్క నుంచి పాత అట్ట నుంచి వచ్చే యాసిడ్ ఆవిరికి సున్నపు గవ్వలు పొడి రాలిపోతాయి. బొద్దింకలు, వెండి పురుగులు జిగురు తింటాయి, గవ్వలు ఊడొస్తాయి. ముందు ఫోన్లో ఒక్కో స్లైడూ ఫోటో తియ్యండి, లేబుల్ కనిపించేలా.

తాతగారూ మీరు పట్టిక ఇక్కడ పెట్టొద్దన్నారు కదా, నాకు అక్కడే కడుపు మండుద్ది. మా ప్రాజెక్టుకి ఒక కంపెనీని శాంపిళ్ళు అడిగాం, ఏడు నెలలు తిప్పారు, చివరికి 14 పొట్లాలు పంపారు, ప్రతిదాని మీదా బావి పేరు కత్తెరతో కత్తిరించి. లోతు ఉంది, చోటు లేదు. దాంతో ఏం పేపరు రాస్తాం? మా డిపార్టుమెంటు వాళ్ళు 1980ల్లో పెన్నా ముఖద్వారంలో గవ్వలకీ నీటి ఉప్పదనానికీ సంబంధం మీద పని చేశారు, అది ఈరోజుకీ మేం చదువుతాం, ఎందుకంటే ఎక్కడ తీశారో రాసి ఉంది, మళ్ళీ పోయి చూడొచ్చు. కంపెనీ బావి ఒక్కటి తవ్వడానికి అయ్యే ఖర్చుతో మా యూనివర్సిటీ ఎన్నేళ్ళు నడుస్తుందో, ఆ మట్టి మాత్రం గోడౌన్లో ఎలకలకి.

రిగ్గు_తాత

అమ్మాయీ నీ కోపం న్యాయమే, నేను కంపెనీ తరఫున వకాల్తా పుచ్చుకోను. కానీ వాళ్ళ భయం కూడా విను. పక్క బ్లాకు, అంటే చమురు వెతుక్కోడానికి ఇచ్చే పక్క ప్రాంతం వేలానికి వస్తుందనుకో, నా బావిలో ఏ లోతులో ఏ కాలపు రాయి తగిలిందో తెలిసినవాడు నాకంటే తెలివిగా పాట పాడతాడు. అందుకే దాస్తారు. బ్లాకు వదిలేశాక ఇరవై ఏళ్ళు కూడా దాచడమే తెలివితక్కువ. పైగా మన దేశంలో కంపెనీలు ప్రభుత్వంతో చేసుకునే ఒప్పందాల ప్రకారం బావి సమాచారం అంతిమంగా భారత ప్రభుత్వానిది, 2017లో నేషనల్ డేటా రిపాజిటరీ అని పెట్టారు, సీస్మిక్ గీతలు (భూమిలోకి ధ్వని తరంగాలు పంపి తీసినవి), బావి రికార్డులు అక్కడ అడగొచ్చు. గవ్వల స్లైడు మాత్రం కంప్యూటర్లో ఎక్కదు, దాన్ని ఎవరో ఒకరు అల్మరాలో పెట్టి కాపాడాలి.

కలిసి పనిచెయ్యడం కుదరదని కాదు. ఈ విద్య పుట్టిందే అట్లా. 1890ల్లో పోలండ్‌లో గ్రిబౌస్కీ అనే ఆయన కార్పేతియన్ కొండల చమురు బావుల్ని గవ్వలతో ఒకదానికొకటి జత కలిపాడు. తర్వాత అమెరికాలో ఎస్తర్ యాప్లిన్ అనే కుర్ర జియాలజిస్టు 1921లో ఒక పెద్ద మీటింగులో ఈ గవ్వలతో రాయి వయసు చెప్పొచ్చంటే ఒక ప్రొఫెసరు అందరి ముందూ ఎగతాళి చేశాడు, నిన్నగాక మొన్న కాలేజీ దాటిన పిల్ల మాకు చెప్పొచ్చిందని. ఆవిడ ఊరుకోలేదు. ఆవిడది రియో బ్రావో కంపెనీ, ఆల్వా ఎలిసర్‌ది హంబుల్, హెడ్విగ్ నైకర్‌ది టెక్సస్ కంపెనీ, మూడూ ఒకదానికొకటి పోటీ కంపెనీలు, ఆ ముగ్గురాడవాళ్ళూ కలిసి 1925లో టెక్సస్, లూసియానా తీరం కింది పొరల మీద పేపరు వేశారు. అప్పటి నుంచి ప్రతి కంపెనీకీ ఒక గవ్వల ల్యాబు. ఎగతాళి చేసినాయన కూడా తర్వాత అదే సబ్జెక్టు మీద పుస్తకం రాశాడు, అది వేరే సంగతి.

అమెరికాలోనే కుష్‌మన్ అనే గవ్వల నిపుణుడు చమురు కంపెనీకి సలహాలిచ్చి సంపాదించిన డబ్బుతో 1923లో ఇంటి పక్కనే సొంత ల్యాబు కట్టుకున్నాడు, ఆయన పోయాక ఆ కలెక్షనంతా స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. బ్రిటన్ చమురు కంపెనీ బీపీ వాళ్ళ గవ్వల కలెక్షను లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియానికి వెళ్ళింది. 2002లో అదే బీపీ హ్యూస్టన్‌లో ఉన్న రాతి కోర్ల (బావుల్లోంచి తీసిన రాతి కడ్డీల) గోడౌను టెక్సస్ యూనివర్సిటీకి ఇచ్చేసింది, ఊరికే ఇవ్వలేదు, దాన్ని నడపడానికి డబ్బు కూడా ఇచ్చింది. మనవాళ్ళు నేర్చుకోవలసింది ఈ చివరి ముక్క. లారీ లోడు మట్టి తెచ్చి యూనివర్సిటీ గేటు దగ్గర దించి దండ వేయించుకుని పోతే, ఆర్నెల్లకి హెడ్డు మారతాడు, ఆ గది ఇంకెవరికో కావాలి, అన్నీ వరండాలోకి వస్తాయి. నా కళ్ళతో చూశాను, ఎక్కడో చెప్పను.

సూటిమాట

అంతా బానే ఉంది కానీ 2 కిలోల అల్యూమినియం కోసం ఇంత చరిత్రా? ఇప్పుడు సీస్మిక్, శాటిలైట్, ఏఐ అన్నీ వచ్చాయి, భూతద్దం పెట్టుకుని గవ్వలు ఏరే కాలం అయిపోయింది. చమురు కంపెనీలే ఆ ల్యాబులు మూసేశాయంటే వాళ్ళకి తెలీదా? మన తీరానికి దీనివల్ల ఒరిగేది ఏంది?

ఒంగోలు_రాళ్ళపిల్ల

ఏఐ అన్నారు కాబట్టి చెప్తా. ఏఐకి గవ్వలు గుర్తుపట్టడం నేర్పాలంటే ముందు మనిషి పేరు రాసిపెట్టిన ఫోటోలు కావాలి. 2019లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ వాళ్ళు, లండన్ మ్యూజియం వాళ్ళు కలిసి 34 వేలకి పైగా గవ్వల ఫోటోలు, ప్రతిదానికీ నిపుణుల చేత పేరు పెట్టించి అందరికీ వదిలారు. ఆ గవ్వల్లో కొన్ని ఎక్కడివనుకున్నారు, మ్యూజియం అల్మరాల్లో ఉన్న ఇట్లాంటి పాత స్లైడ్లే. ఎవరో ఒకరు పాతసామాన్లకి వెయ్యకుండా ఉంచబట్టి.

మన తీరం అంటారా, పెన్నా ఒకప్పుడు ఎక్కడ సముద్రంలో కలిసేది, సముద్రం ఎంత లోపలిదాకా వచ్చి వెనక్కి పోయింది, ఇవన్నీ బోరు మట్టిలో ఉప్పునీటి గవ్వలున్నాయా లేవా అని చూసే చెప్తారు.

రిగ్గు_తాత

సూటిమాట గారూ, ల్యాబులు మూసింది తెలివితో కాదండీ, 1986లో, మళ్ళీ 1998లో చమురు ధర పడిపోతే ఖర్చు తగ్గించడానికి. ముందు కోత పడేది మాకే, డ్రిల్లింగువాడి జోలికి పోరు. ఇంకో సంగతి తెలుసా, నార్వే దగ్గర వాల్‌హాల్ అనే ఫీల్డులో సుద్దరాయి పొరలో అడ్డంగా బావి తవ్వేటప్పుడు బిట్టు సరైన పొరలో ఉందా పక్కకి జారిందా అని గవ్వలు చూసే వాళ్ళని రిగ్గు మీదే కూర్చోబెట్టారు. సుద్ద మొత్తం యంత్రాలకి ఒకేలా కనిపిస్తుంది, గవ్వలు మాత్రం పొర పొరకీ మారతాయి. రాత్రీ పగలూ షిఫ్టుల్లో కూర్చుని మైక్రోస్కోపు చూసి కొంచెం పైకి, కొంచెం కిందకి అని చెప్పేవాళ్ళు, బిట్టు అట్లా తిరిగేది.

రొయ్యలగుంట

మా ఊళ్ళో బోరేసినప్పుడు 60 అడుగుల్లో గవ్వలు కలిసిన నల్ల బంకమట్టి పడింది, నీళ్ళు ఉప్పగా తగిలినాయి, బోరు బండాయన ఇది సముద్రం మన్ను, ఇంకా దిగు అన్నాడు. ఆయనకి ఏ యూనివర్సిటీ నేర్పింది. మీరు చెప్పేదీ అదే గదా తాతా, కాకపోతే పెద్ద బోరు.

రిగ్గు_తాత

అదే. నూటికి నూరుపాళ్ళూ అదే.

కావలి_అబ్బాయి

అందరికీ థాంక్స్, వారం నుంచి పని ఒత్తిడిలో రాయలేకపోయినా. ముందు తప్పు ఒప్పుకుంటా. ఒంగోలు చెల్లెలు గాజు తియ్యొద్దని చెప్పింది కదా, ఫోటో సరిగా రావట్లేదని ఒక స్లైడుకి తీశా, పైన ఫ్యాను తిరగతా ఉండాది, ఆ సంగతి గుర్తులేదు. జిగురు ఎండిపోయి ఉన్నట్టుంది, 22 గళ్ళు ఖాళీ అయిపోయినాయి. నేల మీద తెల్ల గుడ్డ పరిచి వాచీలు బాగుచేసే కళ్ళద్దం పెట్టుకోని గంటసేపు వెతికినా, దొరికింది ఇల్లు ఊడ్చని దుమ్ము. మామ ఉంటే ఏమనేవాడో.

మంచి సంగతి, కోడ్ల పట్టిక దొరికింది. నాలుగో నోటుబుక్కు వెనకనుంచి తిప్పితే పాలవాడి లెక్కల మధ్యలో ఉండాది, ఏ-7 ఫలానా, సి-2 ఫలానా అని, కొన్ని మన తీరానికి ఎదురుగా సముద్రంలోవి, కొన్ని పైన కృష్ణా గోదావరి వైపువి. తాతగారు చెప్పినట్టు ఇక్కడ పెట్టట్లా. ఆ బావులు ఎవరివో ఆ కంపెనీ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాసినా, ఇవి నా దగ్గర ఉండాయి, యూనివర్సిటీకి ఇయ్యమంటారా అని. ఇంకా జవాబు లేదు.

ఒంగోలు_రాళ్ళపిల్ల

అయ్యో ఫ్యాను!! పర్లేదన్నా మాక్కూడా ఫస్టియర్లో ఒకడు తుమ్మి ఒక స్లైడు మొత్తం లేపేశాడు. ఆ ఖాళీ స్లైడు పారెయ్యొద్దు, గళ్ళ నంబర్లు నోటుబుక్కులో ఉంటాయి కదా, ఏమి పోయిందో అన్నా తెలుస్తుంది. మా సార్‌తో మాట్లాడా, కంపెనీ నుంచి కాయితం వచ్చేదాకా మన పేరు మీద రాసుకోం, జాగ్రత్త చెయ్యడానికి మాత్రం పెట్టుకుంటాం అన్నారు, ఇనప బీరువా ఒకటి ఖాళీగా ఉంది, తాళం మా సార్ దగ్గరే. నోటుబుక్కులు కూడా కావాలి, అవి లేకుండా స్లైడ్లు ఒక్కటే వద్దన్నారు. వచ్చే ఆదివారం నేనూ ఇంకో ఫ్రెండూ కావలి రైలెక్కుతాం.

కావలి_అబ్బాయి

రా చెల్లెమ్మా, మా ఇంట్లోనే భోజనం. తాతగారూ మీరు కూడా నెల్లూరు నుంచి గంట ప్రయాణమే, వస్తే నాకు ధైర్యం. ఒక్క డౌటు మిగిలిపోయింది. పేర్లన్నీ మీరు విప్పినారు గానీ ఒకటి అంతుపట్టలా, సి-2 బావిలో ఒక గడికి "మా ఇంటావిడ" అని రాసుండాడు. కళ్ళద్దంతో చూస్తే గుండ్రంగా పువ్వులాగా ఉండాది, చుట్టూ ఒక్కో గదికీ ఒక్కో ముల్లు పొడుచుకోని వచ్చింది.

రిగ్గు_తాత

హా హా, మీ మామతో ఒక్కసారన్నా టీ తాగలేకపోయానే. అది హాంట్‌కెనీనా బాబూ. గదికొక ముల్లు, దాన్ని చూసి ఇంకోటి అనుకునే ప్రసక్తే లేదు. ఈయోసీన్ కాలం చివర, సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ళ కింద పూర్తిగా అంతరించిపోయింది, దాని తర్వాత మళ్ళీ లేదు. దానికోసం మేం రాత్రుళ్ళు రాత్రుళ్ళు కూర్చునేవాళ్ళం, కనిపించిందంటే రిగ్గుకి ఫోను కొట్టడమే. రెండు విషయాలు చూసి చెప్పు. పక్కన ఎర్ర పెన్సిలు ఉందా? ఆ లోతుకి పైన ఇంకెక్కడన్నా ఆ పేరు రాశాడా?

ఆదివారం వస్తాను. రొయ్యలగుంట గారు కూడా చేతులూపుకుంటూ రాకుండా వస్తే బాగుంటుంది.

రొయ్యలగుంట

రెండు కిలోలు తెస్తా, ఐసులో పెట్టి. పురుగులు ఏరే పని మాత్రం మీదే.

కావలి_అబ్బాయి

ఇప్పుడే నాలుగు పుస్తకాలూ తిరగేసినా తాతగారూ. ఎర్ర పెన్సిలు లేదు. పైన ఎక్కడా ఆ పేరు లేదు, అదే మొదలు. కింద రెండు గీతలు గీసి పక్కన టైము కూడా రాసుకున్నాడు, రాత్రి 2:10.